కరుణక్క పరుగు

మొన్నొక ఆదివారం జల్‌పల్లిలో కొత్తగా కట్టిన ప్రార్థన మందిరం ప్రతిష్ఠకు వెళ్ళాల్సి వచ్చింది. నాకు వెళ్ళాలని లేదు. మందిరాల గడప తొక్కడం మానేసి చాలా ఏళ్ళయింది. బంధువుల పెళ్ళిళ్ళకు వెళ్ళినా ప్రసంగం అయిపోయి భోజనాలు మొదలయ్యే వేళకు చేరేటట్టు చూసుకుంటాను. కానీ ఈసారి పిలుపు మా కరుణక్కకు వచ్చింది. పాస్టరు సామ్యేలు స్వయంగా కారు వేసుకుని, ఉప్పుగూడలో ఆమె ఉండే గదికి వచ్చి, కింద చాప మీద కూర్చుని, "నువ్వు రాకుంటె ప్రతిష్ఠ ఎట్లయితదక్కా" అన్నాడట. చిన్నప్పుడు ఆమె చంకనెక్కి తిరిగినవాడు. కాదనలేకపోయింది. అక్కకు అరవై దాటాయి. గుండె లోపల ఇనుప కవాటం ఒకటి ఉంది. రాత్రి గదిలో చప్పుళ్ళన్నీ సద్దుమణిగితే అది చిన్న గోడ గడియారంలా కొట్టుకోవడం పక్కన పడుకున్నవాళ్ళకు వినిపిస్తుంది. ఒంటరిగా ఎక్కడికీ పంపలేం. అందుకని తోడు నేను.

ఒకప్పుడు బండలూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని చోట ఇప్పుడు చిన్న చిన్న ప్లాట్లలో ఒకదానికొకటి ఆనుకుని ఇళ్ళు. వాటి మధ్య మూడంతస్తుల మందిరం. హాలు రెండో అంతస్తులో. అక్క ప్రతి మలుపులోనూ రెయిలింగు పట్టుకుని ఆగి, చీర కుచ్చెళ్ళు సర్దుకుంటున్నట్టు నటిస్తూ ఎక్కింది. లోపల ఏసీ, మెత్తటి కుర్చీలు, వేదిక వెనక గోడంత తెర. ఆ తెర మీద ఎవరో తెల్లదొర ఎర్రటి సూర్యుడికి ఎదురుగా పరుగెత్తుతున్న బొమ్మ. ఆ బొమ్మ చూడగానే నాకు ఇవాళ్టి ప్రసంగం ఏమిటో తెలిసిపోయింది.

సామ్యేలు మాట్లాడటం మొదలుపెట్టాడు. వాడికి వేదిక మీద ఒక తెలుగు, కిందికి దిగితే మా తెలుగు. "ప్రియులారా, విశ్వాసం అంటే పరుగు. ఈ మందిరపు మొదటి రోజుల్లో, రేకుల షెడ్డు రోజుల్లో, ఒక చిన్న బిడ్డ ఉండేది. డాక్టర్లు ఆమెను పరుగెత్తొద్దన్నారు. గుండె ఆగిపోతుందన్నారు. ఆ బిడ్డ డాక్టర్ల మాట వినలేదు, ప్రభువు మీద ఆనుకుంది. ఈస్టర్ పొద్దున తెల్ల జెండా పట్టుకుని అందరికంటే ముందు మందిరానికి చేరుకుంది. చేరుకుని ఏం చేసిందో తెలుసా? మోకాళ్ళూనింది! పరుగు ముగించి, ఆయన పాదాల దగ్గర మోకాళ్ళూని స్తుతించింది!" హాలంతా చేతులెత్తి హల్లెలూయా అంది. కీబోర్డు వాయించే కుర్రవాడు సన్నగా ఒక రాగం అందుకున్నాడు. నేను అక్క వైపు చూశాను. ఆమె ఒళ్ళో ఉన్న చేతుల్ని చూసుకుంటోంది.

నేను పుస్తకాలు రాసుకుంటూ బతికినదాన్ని. కథను ఎక్కడ తిప్పితే ఎదుటివాళ్ళ కళ్ళు చెమరుస్తాయో నాకూ తెలుసు. సామ్యేలు మీద కోపం కూడా లేదనుకుంటాను, వాడికి వాళ్ళ నాన్న అట్లాగే చెప్పి ఉంటాడు. కానీ ఆ ఈస్టర్ పొద్దున నేను ఆ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాను. చూసినదాన్ని చూసినట్టు ఎక్కడో ఒకచోట రాసి పెట్టకపోతే, మా అమ్మ పేరు ఎప్పటికీ అట్లాగే మట్టి కొట్టుకుని ఉండిపోతుంది.

మా బాపుకు నీళ్ళ డిపార్టుమెంటులో ఉద్యోగం. ఏ గల్లీకి ఏ వేళకు నీళ్ళు వదలాలో చూసి వాల్వులు తిప్పే పని. ఉప్పుగూడ నుంచి లాల్‌దర్వాజా దాకా ఆయన చేతి కింద ఉండేది. తెల్లవారకముందే, మనిషంత పొడవున్న ఇనుప కడ్డీని సైకిలుకు అడ్డంగా కట్టుకుని బయల్దేరేవాడు. ఆయన వెనక కరుణక్క. సైకిలు మీద చోటు లేక కాదు, పరుగెత్తడం ఇష్టమై. బాపు దిగి, రోడ్డు మధ్యన ఇనుప మూత తీసి, కడ్డీ దించి, ఒళ్ళంతా వంచి తిప్పేవాడు. భూమి లోపల ఎక్కడో గొట్టం గరగరమనేది. ఆ చప్పుడు వినగానే అక్క గల్లీలోకి ఉరికేది. "నల్ ఆ గయా! నీళ్ళొచ్చినయ్!" అని రెండు భాషల్లో అరుచుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకు వెళ్ళేది. ఒక్కొక్క తలుపే తెరుచుకుని బిందెల చప్పుడు మొదలయ్యేది. గల్లీ మొత్తం ఆమె గొంతుతో నిద్రలేచేది. ముసలి బీబీలు గుమ్మంలో నిలబడి, "అల్లా సలామత్ రఖే బేటీ" అని దీవించి, ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి మెటికలు విరిచేవాళ్ళు. అక్క ఆ మాటను కూడా ప్రార్థన లెక్కలోనే జమ చేసుకునేది.

వాళ్ళిద్దరూ ఇంటికి వచ్చే వేళకు మా ఒకే ఒక గదిలో కిరసనాయిలు స్టవ్వు వాసన, దాని మీద చాయ్ మరుగుతున్న వాసన, అమ్మ పక్కన మూటల్లో కొత్త చీరల గంజి వాసన కలిసిపోయి ఉండేవి. అమ్మ పత్తర్‌గట్టిలో ఒక సేటు దుకాణం నుంచి చీరలు తెచ్చి ఫాల్ కుట్టి ఇచ్చేది. సూదిని పెదవుల మధ్య పట్టుకుని దారం లాగుతూ, ఆ సూది పడిపోకుండానే ప్రార్థన చేసుకునేది. ఆమె ప్రార్థనలు నోరు తెరవని ప్రార్థనలు. శనివారం సాయంత్రం ఇత్తడి చెంబులో నిప్పులు పోసి మా ఆదివారం బట్టలు ఇస్త్రీ చేసేది. చెంబు అడుగు వేడికి తడి గుడ్డ మీద లేచే ఆవిరి వాసన, నెత్తికి పట్టించిన కొబ్బరినూనె వాసన, ఇవి రెండూ కలిస్తేనే నాకు ఆదివారం. దేవుడు కూడా నాకు మొదట అట్లాంటి వాసనగానే పరిచయం.

అప్పట్లో మా వాడలోనే రేకుల షెడ్డులో మందిరం నడిపే అయ్యగారు, సామ్యేలు వాళ్ళ నాన్న, కోస్తా నుంచి వచ్చినవారు. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా, మెత్తటి మాట. నిజం చెప్పాలి, మంచివారు. ఎవరింట్లో జ్వరమొచ్చినా అర్ధరాత్రయినా వచ్చి మంచం పక్కన కూర్చునేవారు. ఆయనకు పరుగు గురించి చెప్పడమంటే ఇష్టం. మన జీవితం ఒక పందెం, బరువులు పారేసి ఉరకాలి, వెనక్కి చూడకూడదు, చివర్న చేతులు చాచి ఒకాయన నిలబడి ఉన్నాడు అని చెప్పేవారు. మా వాడలో అందరూ పొద్దున్నే లేచి ఏదో ఒకదాని వెనక ఉరికేవాళ్ళే. నల్లా వెనక, బస్సు వెనక, సేటు ఇచ్చే పని వెనక. ఆ ఉరుకుడుకు ఒక అర్థం ఉందనీ, అది చూస్తున్నవాడు ఒకడున్నాడనీ చెప్పిన మొదటి మనిషి అయ్యగారే. బాపు కళ్ళు తుడుచుకుని, "అరె, మన బతుకే చెప్తుండు గదనే" అని అమ్మతో అనేవాడు. అప్పుడు అయ్యగారి చూపు కింద చాప మీద కూర్చున్న అక్క మీద ఆగేది. "మన కరుణను చూడండి. వాళ్ళ నాన్న వాల్వు తిప్పడమే ఆలస్యం. నీళ్ళు వస్తాయా రావా అని నిలబడి చూస్తుందా? వస్తాయని నమ్మి పరుగెత్తుతుంది. విశ్వాసమంటే అదీ." అక్క సిగ్గుతో నా భుజం వెనక మొహం దాచుకునేది. లోపల ఎంత సంతోషపడేదో నా భుజానికి తెలుసు.

బళ్ళో పీటీ మాస్టరు కరీం సారు. పొట్టిగా, నల్లగా, మెడలో ఈలతో తిరిగే మనిషి. మగపిల్లల్ని కూడా దాటిపోయే అక్కను చూసి ఆయన మురిసిపోయాడు. పాత బూట్లు ఎక్కడి నుంచో తెచ్చి, ముందు గుడ్డపీలికలు కూరి ఆమె కాళ్ళకు పట్టేటట్టు చేశాడు. బళ్ళ మధ్య పోటీలకు ఆమె పేరు రాయించాడు. ఆ ఏడు చలికాలంలో అక్కకు గొంతునొప్పి వచ్చింది. తరవాత జ్వరం. జ్వరం తగ్గాక ఇవాళ ఎడమ మోకాలు వాస్తే రేపు కుడి చీలమండ వాచేది. వాపులు పోయాయి గానీ, మైదానం చుట్టూ ఒక్కసారి తిరిగి రాగానే గోడ పట్టుకుని నిలబడిపోవడం మొదలైంది. అది మాకంటే ముందు కరీం సారు చూశాడు. అమ్మనూ అక్కనూ తనే పెద్ద దవాఖానాకు తీసుకుపోయాడు. ఆ సాయంత్రం మా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని బాపుతో మాట్లాడిన మాటలు నాకింకా చెవుల్లో ఉన్నాయి.

"యేసుదాస్ భాయ్, బచ్చీకో దౌడానా నై, పిల్లను ఉరికియ్యొద్దు. దిల్ కమ్‌జోర్ హై బోలే డాక్టర్. ఆ జ్వరం గుండెకు పట్టిందట. మూడు వారాలకోపారి సూదెయ్యాలె. ఏండ్లకేండ్లు ఎయ్యాలె. ఆపొద్దు."

"సూదేస్తె మల్ల ఉరుకుతదా సార్?" అన్నాడు బాపు.

కరీం సారు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేను పీటీ మాస్టర్ని. ఇట్ల ఉరికే పిల్ల దొరుకుతె నాకంటె ఖుష్ ఎవడైతడు చెప్పు? నేనే వద్దంటున్న. పేరు నా చేత్తోటే కొట్టేసిన."

అక్క లోపల తలుపు చాటున ఉంది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. మర్నాడు బాపు సైకిలు తీస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది. గల్లీలోకి వెళ్ళి అరిచే పని నాకు వచ్చింది. నా గొంతు అంత దూరం పోయేది కాదు.

కొన్నాళ్ళు అమ్మ క్రమం తప్పకుండా ఆమెను దవాఖానాకు తీసుకుపోయింది. పెద్ద సూది, చిక్కటి మందు. వేయించుకున్న రోజు అక్క కుంటుతూ బస్సు దిగేది. నొప్పికి ఏడవలేదు ఎప్పుడూ. "నేనెప్పుడు ఉరుకుతనే" అని ఏడ్చేది. అమ్మ దగ్గర దానికి జవాబు లేదు, డాక్టరు దగ్గర లేదు, కరీం సారు దగ్గర అసలే లేదు. జవాబు ఉన్న మనిషి ఒక్కరే. అయ్యగారు మా ఇంటికి వచ్చి, అక్క నుదుట నూనె రాసి ప్రార్థన చేసి, "బిడ్డను భయంతో కట్టేశారు యేసుదాసూ. సూది మీద నమ్మకం పెట్టుకుని ఆయన మీద కూడా పెట్టుకుంటానంటే కుదరదు. ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టు మీద పెట్టి ఎవరైనా ప్రయాణం చేస్తారా?" అన్నారు. బాపు చదువుకోనివాడని ఆ మాట నమ్మాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. చదువుకున్నవాళ్ళు ఇంతకంటే పెద్దవి నమ్మడం నేను చూశాను. కూతురు పరుగెత్తుతానని ఏడుస్తోంది. పరుగెత్తవచ్చని చెప్పినవాళ్ళు లోకంలో ఒక్కరే ఉన్నారు. తండ్రి అన్నవాడు ఎటు తిరుగుతాడు? సూదులు ఆగిపోయాయి. నాలుగు రోజులకు అక్క మళ్ళీ సైకిలు వెనక ఉరికింది. ఏమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడమే అందరి కళ్ళూ మూసింది.

ఆ తరవాత వచ్చిన ఈస్టర్‌కు యువకులందరూ తెల్లవారుతుండగా వాడలన్నీ చుట్టి మందిరం దాకా పరుగెత్తాలని అయ్యగారు సంకల్పించారు. ముందు తెల్ల జెండాతో కరుణ. ముందురోజు సాయంత్రం అమ్మ కుడుతున్న చీర పక్కన పెట్టి మందిరానికి వెళ్ళింది. నన్ను వెంట తీసుకుపోయింది.

"అయ్యగారూ, పిల్ల బిందె ఎత్తుతెనే రొప్పుతుంది. రాత్రి పండుకుంటె ఊపిరాడక లేచి కూసుంటుంది. ఈ ఒక్కపారి వద్దు" అంది.

ఆయన కోప్పడలేదు. ఆ మెత్తటి గొంతుతోనే అన్నారు. "అమ్మా, ఆ బిడ్డ కాళ్ళకు బరువు కట్టింది జబ్బు కాదు, నీ భయం. తల్లివి, నువ్వే దాన్ని వెనక్కి లాగితే ఎట్లా?"

తిరిగొచ్చే దారిలో అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నాకు నొప్పి పుట్టింది.

ఆ పొద్దున నేను షెడ్డు గుమ్మంలో, పెద్దవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి చూస్తున్నాను. ఢోలక్ మోగుతోంది. మలుపు తిరిగి మొదట కనిపించింది జెండా, తరవాత అక్క. అమ్మ ఇస్త్రీ చేసిన తెల్ల లంగా. వెనక యువకులు ఎక్కడో దూరంగా ఉన్నారు. ఆమె అందరికంటే ముందు రావడం నిజం. సామ్యేలు చెప్పినదాంట్లో అంతవరకే నిజం. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. కళ్ళు మమ్మల్ని చూస్తున్నాయి గానీ ఎవర్నీ పోల్చుకోవడం లేదు. మెట్టు దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూలబడింది. రెండు చేతులూ నేల మీద ఆనించి తల వంచింది. జనం హల్లెలూయా అని కేకలేశారు. అయ్యగారు ముందుకు వచ్చి ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని స్తుతి మొదలుపెట్టారు. ఆ చెయ్యి కింద అక్క వీపు కొలిమితిత్తిలా లేచి పడుతోంది.

అమ్మ జనాన్ని నెట్టుకుంటూ ఉరికింది. అమ్మ పరుగెత్తడం నేను చూసింది అదొక్కసారే. ఎవరో ఆమె కొంగు పట్టి ఆపారు. "ఆగమ్మా, బిడ్డ ప్రార్థనల ఉంది."

"ప్రార్థన కాదు! దానికి ఊపిరాడ్తలేదు!" అని అమ్మ అరిచింది. ఎప్పుడూ పెదవులు విప్పని మనిషి గొంతు ఢోలక్ చప్పుడును కోసేసింది. అయినా ఇంకా కాసేపు ఢోలక్ మోగుతూనే ఉంది. అమ్మ కొంగు విడిపించుకుని వెళ్ళి అక్కను నేల మీంచి లేపింది. బాపు ఆమెను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తి, దొరికిన రిక్షాలో దవాఖానాకు తీసుకుపోయాడు. ఆమె నోటి నుంచి గులాబీ రంగు నురగ వచ్చి బాపు పండుగ చొక్కా తడిసింది.

చావలేదు. కొన్ని వారాలు వార్డులో ఉంది. కరీం సారు వచ్చి స్టూలు మీద కూర్చుని, బత్తాయిలు ఒలిచి పెట్టి వెళ్ళేవాడు. అయ్యగారు కూడా వచ్చారు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది. నిజంగానే బాధపడ్డారు, కానీ ఆ బాధను తన మీద వేసుకునే దమ్ము ఆయనకు లేకపోయింది. మంచం కొసన నిలబడి, "ఇంట్లో ఎక్కడో అవిధేయత ఉంది. ఎవరైనా ఏమైనా దాచారా?" అని అడిగారు. బాపు తల అడ్డంగా ఊపాడు. అమ్మ అక్క మీద దుప్పటి సర్ది, "నేనే అయ్యగారూ. పండుగకు ముందు చీరల మూట ఇచ్చొస్తనని చెప్పి దాన్ని దవాఖానాకు తోలుకపోయి ఒక్కపారి సూదేయించిన. బిడ్డ ఉరుకుతదని భయమైంది" అంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఊపిరి వదిలారు. "అదేనమ్మా" అన్నారు. అంతే. ఆయన మొహంలో ఒక తేలిక వచ్చింది. ఆ తేలికను నేను ఇన్నేళ్ళుగా క్షమించలేదు, ఇకమీద క్షమించాలని కూడా లేదు.

ఆ ఒక్క మాటతో మా అమ్మ మిగిలిన బతుకంతా బతికింది. అక్క చదువు ఆగిపోయింది. కాళ్ళు వాచిన రోజు గోడకు ఆనుకుని కూర్చుని ఫాల్ కుట్టేది. దగ్గు వచ్చినప్పుడల్లా అమ్మ చేతిలో సూది ఆగేది. ఎవరికీ వినిపించకుండా, "నా పాపమే ఇది" అనుకునేది. మేము ఎంత చెప్పినా వినేది కాదు. డాక్టర్లు సూదులు మళ్ళీ మొదలుపెట్టారు, అమ్మ తీసుకుపోయేది, కానీ దొంగతనానికి పోతున్నట్టు తలొంచుకుని పోయేది. బాపు మాత్రం మందిరం మానలేదు. వెనక వరసలో కూర్చునేవాడు, పాట పాడేవాడు కాదు. అయ్యగారు పరుగు గురించి ఎత్తుకోగానే, బయట నల్లా కారుతుందేమో చూసొస్తానని లేచి వెళ్ళిపోయేవాడు. ఆ షెడ్డు ఆవరణలో నల్లానే లేదు.

చాలా ఏళ్ళ తరవాత అక్కకు గుండె ఆపరేషన్ అయింది. అప్పుడు పెద్ద డాక్టరు కాగితాలు తిరగేస్తూ, "మొదట్లోనే సూదులు వరసగా వేయించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. ఎందుకు ఆపేశారు?" అని అడిగాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఆ మాట వినాల్సిన మనిషి అంతకుముందు ఏడాదే మట్టిలో కలిసిపోయింది.

ఇదంతా తెలిసిన నేను, ఆ మెత్తటి కుర్చీలో కూర్చుని, తెర మీద తెల్లదొర పరుగు చూస్తున్నాను. షెడ్డు పోయి మూడంతస్తులు లేచాయి. ఢోలక్ పోయి కీబోర్డు వచ్చింది. వాడలో అందరికీ ఇంట్లోనే నల్లాలు వచ్చాయి. అయ్యగారు కూడా పోయారు. ప్రసంగం మాత్రం అక్షరం మారకుండా తండ్రి నోట్లోంచి కొడుకు నోట్లోకి వచ్చి చేరింది. "ఆ బిడ్డ ఎవరో కాదు, ఇక్కడే ఉంది!" అని సామ్యేలు చెయ్యి చాపాడు. "కరుణక్కా, ఒక్క మాట సాక్ష్యం చెప్పాలె." ఎవరో మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

అక్క ముందు కుర్చీ పట్టుకుని లేచింది. మైకులో మొదట వినిపించింది ఆమె ఊపిరే.

"తమ్మీ, నేను ఆడ మోకాళ్ళూనింది ప్రార్థనకు కాదు" అంది. "ఊపిరాడక కూలబడ్డ. మీ నాన్న నెత్తి మీద చెయ్యి పెట్టిండు గని, నన్ను లేపింది మా అమ్మ. మా అమ్మ నాకు సూదేయించిందని, దానితోనే నా జబ్బు ముదిరిందని మీ నాన్న అన్నడు. అమ్మ అదే ఫికర్‌తోటి సచ్చిపోయింది. అమ్మ చేసిందే సరైన పని. సూదులాపుడే తప్పు. నీ కథల అది కూడ చెప్పు తమ్మీ. మా అమ్మ పేరు సుందరమ్మ."

హాల్లో ఏసీ చప్పుడు వినిపించింది. సామ్యేలు మొహం ఒక్క క్షణం చిన్నపిల్లాడి మొహమైంది. అప్పుడు వాడు నోరు తెరిచి ఏమైనా అని ఉంటే, క్షమించక్కా అని ఉంటే, నేను కూడా ఆ మందిరంలో మళ్ళీ అడుగు పెట్టేదాన్నేమో. వాడు గొంతు సవరించుకున్నాడు. "విన్నారా ప్రియులారా! అంత జబ్బులోనూ ప్రభువు ఆమెను ఈ రోజు దాకా సజీవంగా ఉంచాడు! దేవునికి స్తోత్రం!" అన్నాడు. కీబోర్డు అందుకుంది. చప్పట్లు మోగాయి. అక్క మైకు పక్కవాళ్ళకు ఇచ్చి మెల్లగా కూర్చుంది.

బిర్యానీ తినకుండా దిగివచ్చాం. కింద ఆటో కోసం నిలబడితే ఒకామె గబగబా మెట్లు దిగి వచ్చింది. ఏ ఇళ్ళల్లోనో పనిచేసే మనిషిలా ఉంది. పక్కన ఓ పన్నెండు పదమూడేళ్ళ కూతురు, సన్నటి మెడ, ఆ మెడలో నరం కొట్టుకోవడం దూరం నుంచే కనిపిస్తోంది. ఆమె మెట్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "అక్కా, ఆ సూదులు ఏ దవాఖానల ఏస్తరు? దీనికి కూడ కీళ్ళు వాస్తున్నయ్. ఉపవాస ప్రార్థన పెట్టుకోమన్నరు. పెట్టుకున్నం. తక్కువైతలేదు."

అక్క ఆ పిల్ల మణికట్టు పట్టుకుని చూసింది. "రేపు పొద్దుగాల పెద్ద దవాఖానకు తోలుకరా. ఓపీ చీటీలు ఇచ్చే కాడ నేను కూసుంట. నీకేం తెల్వకున్నా ఫికర్ లేదు, డాక్టర్ తోని నేను మాట్లాడ్త. తప్పకుండ రావాలె."

ఆమె తల ఊపింది. పైనుంచి ఎవరో పిలిచేసరికి కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. పేరు కూడా అడగలేకపోయాం.

ఆటోలో నాకు ఉండబట్టలేదు. "ఇంకా ఆ ప్రభువునే నమ్ముకుంటవా అక్కా?" అన్నాను.

"ఆయన్ని గాకుంటె ఎవర్ని నమ్ముకోవాలె? అయ్యగార్నా?" అని నవ్వింది. కాసేపు ఊపిరి తీసుకుంది. "ఉరుకుమని ఆయన నన్నెన్నడు అడగలే. అడిగింది అయ్యగారు. ఆయన నా పక్కన మెల్లగ నడుస్తుండు. నేను ఆగుతె ఆగుతుండు."

ఆ మాట నాకు మింగుడు పడలేదు. "మరి ఆ పొద్దున ఏడికి పోయిండు?" అన్నాను, గొంతు లేచింది. ఆటో డ్రైవరు అద్దంలో చూశాడు.

అక్క బయటికి చూస్తూ, "అమ్మ ఉరికొచ్చింది కదనే" అంది.

మర్నాడు ఓపీ తెరవకముందే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాం. తల్లీకూతుళ్ళు ఎవరు వచ్చినా అక్క సగం లేచేది. జనం వచ్చారు, చీటీలు రాయించుకున్నారు, వెళ్ళిపోయారు. మధ్యాహ్నం కిటికీ మూసేశారు. ఆమె రాలేదు. నాకు ఆ తల్లి మీద, సామ్యేలు మీద, అక్క పక్కన నడుస్తున్నాడంటున్న ఆ దేవుడి మీద ఒకేసారి మంట పుట్టింది. "వాళ్ళు రారక్కా. పైన ఎవరో ఏదో చెప్పి ఆపి ఉంటరు" అన్నాను. అక్క సీసాలోంచి గుక్కెడు నీళ్ళు తాగి, నా భుజం పట్టుకుని లేచింది. "పని మీద సెలవు దొరకలేదేమో. రేపు వద్దాం" అంది.

మరునాడు వెళ్ళాం. ఆ మరునాడు కూడా వెళ్ళాం. ఇది రాస్తున్న ఈ రోజు దాకా వాళ్ళు రాలేదు. ఈ పొద్దున నేను చాయ్ పెడుతుంటే అక్క అప్పటికే చెప్పులు తొడుక్కుని గడపలో కూర్చుంది. ఆటోను పిలవమంది.